‘ఈజ్’ లేని భాషలో హామ్లెట్

ఇంగ్లీషులో అనువాదానికి లొంగని మాట ఏదని అడిగితే ఒక్కొక్కరు ఒక్కోటి చెప్తారు. ‘ప్రైవసీ’ అంటారు, ‘జెండర్’ అంటారు, ‘సెక్యులర్’ అంటారు. ‘బీ’ అని మాత్రం ఎవరూ అనరు. అది కష్టమైన మాటలా కనపడదు కదా. చిన్నప్పుడే ఆమ్, ఈజ్, ఆర్ అని వరసగా అప్పజెప్పేశాం, దాని సంగతి అక్కడితో తేలిపోయిందనుకున్నాం. కానీ అరబిక్‌లోకి వెళ్లేటప్పుడు పెద్ద పెద్ద మాటలన్నీ ఎలాగోలా సర్దుకుంటాయి, ఈ చిన్న మాటే సరిహద్దు దగ్గర ఆగిపోతుంది. ఆగిపోయి ఊరుకోలేదు కూడా. అది ఆగిన చోట ఒక తత్వశాస్త్రం పుట్టింది, గుర్తింపు కార్డుకి ఒక పేరు పుట్టింది, షేక్‌స్పియర్ కలలో కూడా అనుకోని ఒక రాజకీయ నినాదం పుట్టింది. ఈ మూడిటికీ సంబంధం ఉందని నా అనుమానం. అదేమిటో చెప్పడానికి కాస్త వ్యాకరణం తప్పదు, ఓపిక పట్టండి.

‘బీ’ అనేది ఒక మాటలా కనపడే నాలుగైదు మాటలు. ‘హి ఈజ్ ఎ టీచర్’లో అది రెండు మాటల మధ్య అతుకు. ‘షి ఈజ్ ఎట్ హోమ్’లో చోటు చెప్తుంది. ‘ద వెడ్డింగ్ ఈజ్ టుమారో’లో జరగడాన్ని చెప్తుంది. ‘గాడ్ ఈజ్’ అని ఆపేస్తే, పక్కన ఇంకే మాటా అక్కర్లేకుండా ఉనికిని చెప్తుంది. పుట్టుక చూసినా అది మూడు వేర్వేరు ధాతువుల ఉమ్మడి కాపురమే. ‘ఈజ్’ సంస్కృతం ‘అస్తి’కి చుట్టం, ‘బీ’ మన ‘భవ’కి, ‘వజ్’ మన ‘వసతి’కి. ఇన్ని పనులు ఒక్కడే చేస్తుంటే ఇంగ్లీషువాడికి అవన్నీ ఒకే పని అనిపించడంలో ఆశ్చర్యం లేదు.

తెలుగులో అలా అనిపించదు. అతుకు పని దగ్గర తెలుగు నోరు మూసుకుంటుంది. ‘ఆయన టీచరు’, అంతే. ‘ఆయన టీచరుగా ఉన్నాడు’ అంటే ప్రస్తుతానికి అలా ఉన్నాడేమో, రేపు మానేస్తాడేమో అన్న వాసన వస్తుంది. ఇంట్లో ఉండటానికీ, దేవుడు ఉండటానికీ మాత్రం క్రియ కావాలి. అవునని చెప్పడానికి అక్కర్లేని క్రియ కాదని చెప్పడానికి కావాలి. అప్పుడు ఒకటి కాదు, రెండొస్తాయి. ‘ఆయన టీచరు కాదు’ వేరు, ‘బళ్లో టీచరు లేడు’ వేరు. ఈ తేడా మనకి నాలుగేళ్ల పిల్లలకి కూడా తెలుసు. ఇంగ్లీషులో రెండిటికీ ఒకటే ‘నాట్’, ఒకటే ‘ఈజ్’.

అరబిక్ ఈ విషయంలో ఇంగ్లీషుకి దూరం, మనకి దగ్గర. ‘అహ్మద్ ముదర్రిస్’ అంటే అహ్మద్ టీచరు. మధ్యలో ఏమీ లేదు. అరబ్బు వ్యాకర్తలు ఇలాంటి వాక్యంలో మొదటి ముక్కని ‘ముబ్తదా’ అన్నారు, అంటే మొదలు. రెండో ముక్కని ‘ఖబర్’ అన్నారు. మన కబురు అదే. వాక్యమంటే ఒక మొదలూ, దాని గురించి ఒక కబురూ. ఇంతకంటే అందమైన పారిభాషిక పదాలు నాకు ఇంకే వ్యాకరణంలోనూ కనపడలేదు. కాదనడానికి మాత్రం, మనలాగే, వాళ్లకీ క్రియ కావాలి. దాని పేరు ‘లైస’. జరిగిపోయినదానికి ‘కాన’ అనే క్రియ ఉంది. ‘అనగనగా’ అని మనం మొదలెట్టే చోట వాళ్ల కథలు ఈ ‘కాన’తోనే మొదలవుతాయి. దీనికి ఒక పెద్ద కుటుంబం. వ్యాకరణ పుస్తకాల్లో ఆ అధ్యాయం పేరే ‘కాన, ఆమె అక్కచెల్లెళ్లు’. పొద్దున అయ్యేది ఒకామె, సాయంత్రం అయ్యేది ఒకామె, రాత్రంతా అలాగే గడిపేది ఒకామె, ఇంకా అలాగే ఉన్నది ఒకామె, మారిపోయినది ఒకామె. ‘లైస’ కూడా అందులో ఒక చెల్లెలే. ఇంగ్లీషు ‘బీ’ ఒంటరిగా మోసే బరువుని ఇక్కడ ఒక ఆడపడుచుల పటాలం పంచుకుంటుంది.

‘కాన’ వర్తమానంలోకి వస్తే ‘యకూన్’. కానీ ఇది ‘ఈజ్’ కాదు. ‘ఉండగలడు, ఉండబోతాడు, కావచ్చు’ అనేదానికి దగ్గర. దీని ఆజ్ఞారూపం ‘కున్’. అది మీకందరికీ తెలుసు, 2011లో వచ్చిన రాక్‌స్టార్‌లో రెహమాన్ ఖవ్వాలీ పేరులో మొదటి మాట అదే. ఖురాన్‌లో సృష్టి జరిగేది ఆ ఒక్క మాటతో.

ఇప్పుడు హామ్లెట్ మూడో అంకం దగ్గరికి వద్దాం. ఆ స్వగతం ఏ మాటతో మొదలవుతుందో, దాన్ని ఇక్కడ ఉటంకించకపోయినా మీకు వినపడుతూనే ఉంటుంది. అక్కడ ‘బీ’ అనంత రూపంలో ఉంది. అంటే కర్త లేడు, కాలం లేదు. ఎవరు ఉండటం? ఏమై ఉండటం? ఎప్పుడు? ఏదీ చెప్పడు. ప్రాణం తీసుకోవాలా వద్దా అని ఆలోచిస్తున్నాడని కొందరంటారు, కత్తి దూయాలా వద్దా అని ఆలోచిస్తున్నాడని కొందరంటారు. మాట రెండిటికీ తలుపు తీసే ఉంచింది. ఆ స్వగతం మొత్తంలో ‘నేను’ అన్న మాట ఒక్కసారి కూడా రాదు, గమనించారా? పుట్టిన ప్రతివాడూ తన పేరు పెట్టుకుని చదువుకోగలిగేంత ఖాళీ అందులో ఉంది.

అరబిక్‌లో అనంత రూపం లేదు. దాని బదులు ‘మస్దర్’ అనే క్రియానామం ఉంటుంది. ‘కాన’కి మస్దర్ ‘కౌన్’. అది వాడేస్తే సరిపోయేది కదా అంటే, ఆ ‘కౌన్’ ఇవాళ్టి అరబిక్‌లో విశ్వం అనే అర్థంలో స్థిరపడిపోయింది. మన హిందీ పాటల్లో వినపడే ‘కాయనాత్’ ఆ ఇంటిదే. చివరికి ‘రోటీ, కపడా, మకాన్’లో మకాన్ కూడా ఆ ధాతువుదే, ఉండే చోటు అని. దాంతో డెన్మార్కు యువరాజు నోట విశ్వమా, విశ్వం కాకపోవడమా అని పలికించలేరు.

మరి ఏం చెయ్యాలి? ‘హయాత్’, ‘మౌత్’ అనొచ్చు. బతుకా చావా అని. అప్పుడు చిక్కుముడి విప్పి దారం చేతిలో పెట్టినట్టు, హామ్లెట్‌కి ఇక ఆలోచించడానికేం మిగలదు. ‘బకా’, ‘ఫనా’ అనొచ్చు, నిలవడం, కరిగిపోవడం. ఇవి సూఫీల మాటలు. ఫనా అనగానే దేవుడిలో కలిసిపోవడం గుర్తొస్తుంది, హామ్లెట్ దర్గా మెట్ల మీద కూర్చున్నట్టుంటుంది. పక్కమాటగా చెప్తున్నా, ‘బకా’ ధాతువులోంచే మనకి ‘బాకీ’ వచ్చింది. మిగిలి ఉండటమే మనదగ్గర అప్పైపోయింది. లేదా ‘వుజూద్’, ‘అదమ్’ అనొచ్చు, అస్తిత్వం, శూన్యం. ఇవి తాత్వికుల మాటలు. సార్త్ర మహాగ్రంథాన్ని అబ్దుర్రహ్మాన్ బదవీ 1966లో అరబిక్ చేసినప్పుడు పేరుగా పెట్టింది ఈ జంటనే. ఇది పెడితే ఆ కుర్రాడు విట్టెన్‌బర్గ్ నుంచి కాక నేరుగా పారిస్ కాఫీ హోటల్ నుంచి వచ్చినట్టుంటాడు.

ఇవన్నీ కాదని అరబిక్‌లో నాటుకుపోయింది ‘అకూన్’. ‘కాన’కి ఉత్తమ పురుష, ఏకవచనం. ఉంటానా, ఉండగలనా, కాగలనా. 1948 తర్వాత బాగ్దాద్‌లో స్థిరపడ్డ పాలస్తీనా రచయిత జబ్రా ఇబ్రహీం జబ్రా 1960లో హామ్లెట్‌ని అరబిక్‌లోకి తెచ్చాడు, ఆయనకి ముందూ తర్వాతా చాలామంది తెచ్చారు. కానీ ఇవాళ ఆ నాటకం ఎన్నడూ చదవని టాక్సీ డ్రైవరు నోట్లో కూడా ఉన్నది ఈ ‘అకూన్’ అన్న క్రియే. ఇందులో రెండు మార్పులు జరిగిపోయాయి. ఒకటి, ఖాళీగా ఉన్న కుర్చీలో ‘నేను’ వచ్చి కూర్చుంది. రెండోది నాకు ఇంకా ఆసక్తికరం. ‘కాన’ మామూలుగా కబురు లేకుండా రాదు. వ్యాకర్తలు దీన్ని ‘నాకిస్’ అన్నారు, అసంపూర్ణ క్రియ. ‘నేను ఉంటాను’ అని తనంతట తాను నిలబడే సంపూర్ణమైన ‘కాన’ కూడా ఉంది కానీ, దాని వాడకం తక్కువ. అందుకని ‘అకూన్’ అని ఆగిపోతే అరబ్బు చెవి ఇంకో మాట కోసం ఎదురుచూస్తుంది. అవుతాను... ఏమవుతాను? కబురు ఇంకా రాలేదు. ఇంగ్లీషులో ఉనికి గురించిన ప్రశ్న అరబిక్‌లోకొచ్చేసరికి సగంలో తెగిన వాక్యంలా వేలాడుతుంది. ఆ ఖాళీలోకి ఏం వచ్చి పడిందో తర్వాత చూద్దాం.

అంతకు ముందు ఒక సరదా సంగతి. అరబిక్ రంగస్థలం మీద తొలినాళ్ల హామ్లెట్‌కి ఈ గొడవేమీ లేదు. 1901 ప్రాంతంలో కైరోలో తానియూస్ అబ్దూ రాసిన ఆ రూపం ఇంగ్లీషు నుంచి కాదు, అలెగ్జాండర్ డ్యూమా చేసిన ఫ్రెంచి రూపం నుంచి వచ్చింది. అందులో హామ్లెట్ చావడు. హాయిగా రాజవుతాడు. నాయకుడి వేషం వేసింది అప్పటి గొప్ప గాయకుడు షేఖ్ సలామా హిజాజీ. జనం వచ్చేది ఆయన పాటల కోసం. పద్యాల కోసం రాత్రంతా కూర్చుని, హరిశ్చంద్రుడి చేత ఒక్క పద్యాన్నే మూడుసార్లు పాడించుకున్న జాతి మనది, మనకి ఆ ప్రేక్షకుల్ని చూసి నవ్వే హక్కు లేదు. ఉండటమా కాదా అన్న ప్రశ్నకి ఆ కంపెనీ వాళ్లు రొక్కంగా జవాబిచ్చేశారు.

అసలు గొడవకి వెయ్యేళ్లు వెనక్కి పోవాలి. తొమ్మిదో శతాబ్దం బాగ్దాద్. గ్రీకు గ్రంథాలు కొన్నిసార్లు నేరుగా, చాలాసార్లు సిరియాక్ మీదుగా అరబిక్‌లోకి వచ్చి పడుతున్నాయి. అరిస్టాటిల్ మెటాఫిజిక్స్ అంతా ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతుంది, ‘ఉన్నది’ అంటే ఏమిటని. గ్రీకు క్రియ కూడా ఇంగ్లీషు ‘బీ’ లాగే అతుకూ తనే, ఉనికీ తనే. ఆ క్రియే లేని భాషలోకి ఆ పుస్తకాన్ని ఎలా తేవాలి? తత్వవేత్త అల్-కిందీ కోసం ఉస్తాస్ అనే అనువాదకుడు ఆ పని చేశాడు. ‘హువ’ అన్న సర్వనామం తీసుకున్నాడు. హువ అంటే ‘అతను’. దానికి ఒక తోక తగిలిస్తే ‘హువియ్య’, అంటే అతను-తనం. అదీ గ్రీకువాళ్ల ‘ఉన్నది’కి అరబిక్. కిందీ తన రచనల్లో ఇంకో వింత చేశాడు. ‘లైస’లో ‘లా’ అంటే లేదు కాబట్టి, అది తీసేస్తే మిగిలిన ‘అయ్‌స్’ అంటే ‘ఉంది’ అవ్వాలి కదా అన్నాడు. లైస పుట్టుక గురించి అలాంటి వ్యాఖ్యానం పాత వ్యాకర్తల్లో ఉన్నదే. లేదు అన్న మాటలోంచి ఉంది అన్న మాటని తోడి తీశాడు. ‘అయ్‌స్’ బతకలేదు. ఎవరూ మాట్లాడని మాటని నిఘంటువులోంచి లేపుకొచ్చి నడిపిద్దామంటే అది నాలుగడుగులే వేస్తుంది, మన అకాడమీల పదకోశాలు చూసినవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు.

ఆ తర్వాత వచ్చిన అల్-ఫారాబీ తన కితాబుల్ హురూఫ్‌లో ఈ వ్యవహారం మొత్తాన్ని అనువాద సమస్యగా బల్ల మీద పరిచాడు. అంత పాతకాలంలో అంత నిక్కచ్చిగా అనువాదం గురించి రాసినవాళ్లు నాకు ఇంకెవరూ తెలీదు. పారశీకంలో ‘హస్త్’ ఉంది, గ్రీకులో ‘ఎస్తిన్’ ఉంది, అరబిక్‌లో మొదట్నుంచీ దానికి మాట లేదు అంటాడు. ఆ ‘హస్త్’ మన ‘అస్తి’కి తోబుట్టువే. కొందరు ‘జైద్ హువ ఆదిల్’ అన్నారు, జైదు, అతను న్యాయవంతుడు, అని సర్వనామాన్నే అతుకుగా పెట్టి. ఇంకొందరు ‘మౌజూద్’ అన్నారు. మౌజూద్ అంటే ‘దొరికినది’. వెతికితే దొరికింది కాబట్టి ఉంది. హైదరాబాద్‌లో ఇప్పటికీ మౌజూద్ అంటే అదే అర్థం. తెలుగులో మనం కూడా ‘అక్కడ మంచి పుస్తకాలు దొరుకుతాయి’ అంటాం, అక్కడ ఉంటాయి అనడానికి. ఫారాబీ ఇక్కడ ఒక హెచ్చరిక చేస్తాడు. మాట ఆకారం చూసి మోసపోవద్దు, దొరికినది అనగానే ఎవరికో దొరికింది అనిపిస్తుంది, ఉండటం అనేది వస్తువుకి బయటినుంచి తగిలించిన గుణంలా అనిపిస్తుంది, ఇక్కడ ఆ మాటని అలా తీసుకోకూడదు అని. అనువాదంలో వాడిన మాట తన పాత కాపురం సామాను వెంట తెస్తుందని ఆయనకి తెలుసు.

ఆ సామాను ఊరికే పోలేదంటాను. ఇబ్న్ సీనా వచ్చి, వస్తువు ఏమిటన్నది వేరు, అది ఉందా అన్నది వేరు అని తేల్చి చెప్పాడు. మొదటిది ‘మాహియ్య’, అది ఏమిటి అన్న ప్రశ్నలోంచి పుట్టింది. రెండోది ‘వుజూద్’, దొరకడంలోంచి పుట్టింది. అతుకుకీ ఉనికికీ ఒకే మాట ఉన్న గ్రీకులో మసకగా ఉండిపోయిన తేడా, రెండిటికీ వేర్వేరు మాటలున్న అరబిక్‌లో స్పష్టమైందని ఎ.సి. గ్రాహమ్ లాంటివాళ్లు వాదించారు. భాషే తత్వాన్ని పుట్టిస్తుందని నేను పూర్తిగా నమ్మను. అలా అయితే కాదూ, లేదూ రెండూ ఉన్న తెలుగులో ఇద్దరు ముగ్గురు ఇబ్న్ సీనాలైనా ఉండాలి. కానీ అనువాదం చేస్తూ చేస్తూ, సరైన మాట దొరక్క తన్నుకుంటూ ఉన్నవాడికి కనపడే తేడాలు, మాట రెడీగా ఉన్నవాడికి కనపడవన్నది మాత్రం నమ్ముతాను.

ఇక ‘హువియ్య’ కథ. తత్వశాస్త్రంలో ‘ఉన్నది’కి పేరుగా దాని పని నెమ్మదిగా తగ్గింది, వుజూద్ గెలిచింది. కానీ ఆ మాట చావలేదు. అతను-తనం అంటే, మరి, అతను అతనే కావడం. ఇవాళ్టి అరబిక్‌లో హువియ్య అంటే ఐడెంటిటీ. వాడుకలో హవియ్య అని కూడా అంటారు, అంటే జేబులో పెట్టుకునే గుర్తింపు కార్డు. చెక్‌పోస్టు దగ్గర సైనికుడు అడిగేది అదే. గ్రీకుల ‘ఉండటం’ కోసం బాగ్దాద్‌లో ఒక అనువాదకుడు అతికించిన మాట, వెయ్యేళ్లు నడిచి నడిచి, చెక్‌పోస్టు దగ్గర చేయి చాచి చూపించే ప్లాస్టిక్ ముక్క అయింది.

మహమూద్ దర్వీష్ 1964లో అచ్చు వేసిన ఆలివ్ ఆకుల సంపుటిలో అందరికీ తెలిసిన పద్యం పేరులో ఉన్నది ఈ మాటే. ఒక అధికారి ముందు నిలబడి తన వివరాలు చెప్పే మనిషి గొంతు అది. ఆ మనిషి ఉన్నాడా లేదా అన్నది దర్వీష్‌కి పుస్తకాల ప్రశ్న కాదు. 1948లో ఏడేళ్ల వయసులో అల్-బిర్వా నుంచి కుటుంబంతో లెబనాన్ వెళ్లి, ఏడాది తర్వాత తిరిగొచ్చేసరికి ఊరు లేదు. 1950 నాటి ఇజ్రాయెల్ చట్టం ప్రకారం అలాంటివాళ్లు ‘ఆబ్సెంటీలు’, వాళ్ల ఆస్తులు కస్టోడియన్‌కి పోతాయి. మనుషులు మాత్రం దేశంలోనే, కళ్లెదురుగా ఉన్నారు. అందుకని వాళ్లకి ‘ప్రెజెంట్ ఆబ్సెంటీ’ అని పేరొచ్చింది. అరబిక్‌లో ‘హాజిర్ గాయిబ్’. ఈ రెండు మాటలూ మనకి తర్జుమా అక్కర్లేదు. హాజరు పట్టీలో హాజరు, తెలంగాణలో నాలుక చివర ఉండే గాయబ్. హాజరై ఉన్న గాయబ్ మనిషి. ‘బీ’ అనే క్రియకి చట్టం ఇచ్చిన ఇంత భయంకరమైన అర్థం నాకు ఇంకెక్కడా కనపడలేదు. 2006లో వచ్చిన వచన గ్రంథానికి దర్వీష్ ఈ జంటనే పేరుగా పెట్టుకున్నాడు, గైర్హాజరీ సమక్షంలో అని.

ఇప్పుడు ఆ వేలాడుతున్న ‘అకూన్’ దగ్గరికి తిరిగి వెళ్దాం. కబురు కోసం ఎదురుచూస్తున్న వాక్యం. 1967 ఓటమి, 1970లో నాసర్ మరణం, ఈ మధ్య ఎక్కడో ‘అకూన్’ జారి ‘నకూన్’ అయింది. అంటే ఉత్తమ పురుష బహువచనం. ఉంటామా, ఉండమా. మార్గరెట్ లిట్విన్ తన ‘హామ్లెట్స్ అరబ్ జర్నీ’ పుస్తకంలో ఈ ప్రయాణాన్ని ఓపిగ్గా పట్టుకుంది. అరబ్ రాజకీయ ఉపన్యాసాల్లో, సంపాదకీయాల్లో ఈ క్రియ ఒంటరి మనిషి చావు ఆలోచన కాదు, ఒక జాతి చరిత్రలో మిగులుతుందా లేదా అన్న ప్రశ్న అని ఆవిడ చూపిస్తుంది. వక్తకి హామ్లెట్ కథ తెలియనవసరం కూడా లేదు. మన పత్రికలవాళ్లు మంత్రివర్గ విస్తరణ ముందు ‘ఉండేదెవరు, ఊడేదెవరు’ అని హెడ్డింగ్ పెట్టినంత అలవాటుగా అది వచ్చేస్తుంది, కాకపోతే అక్కడ పణం పెద్దది.

దీన్ని వక్రీకరణ అనేవాళ్లున్నారు. నేను అనను. ‘అకూన్’కి కబురు కావాలి, ఇల్లూ ఊరూ కాగితాల్లో లేకుండా పోయినవాళ్ల దగ్గర ఆ కబురు సిద్ధంగా ఉంది. ఏమవుతాను అన్నదానికి జవాబు ‘మనం’ అయింది. హువియ్య చేసిన ప్రయాణమే ఇదీ చేసింది, ఉండటం అనే మాట అరబిక్‌లోకొచ్చి ఎవరై ఉండటం అయింది. ‘ఈజ్’ లేని భాష ఈ ప్రశ్నని తప్పుగా అర్థం చేసుకోలేదు, దానిలో ఇంగ్లీషు వదిలేసిన ఖాళీని పూరించింది.

కానీ ఒక నష్టం ఉంది, దాన్ని చిన్నది చెయ్యను. హామ్లెట్ నోట ఆ ప్రశ్నకి రెండు జవాబులూ సాధ్యమే. లేకపోవడం వైపు ఒక నిద్ర ఉంది, ఒక లాగుడు ఉంది. స్వగతం అంతా ఆ రెండిటి మధ్య తూగుతుంది. ‘నకూన్’ దగ్గర తూగడం లేదు. వేదిక మీద ‘ఉంటామా, ఉండమా’ అని అరిస్తే కింద జనం చెప్పాల్సిన జవాబు ఒకటే. లేకపోవడం అన్నది శత్రువు కోరిక, మనలో ఎవరికీ ఆ ఆలోచన రాకూడదు. వస్తే వాడు ద్రోహి. ఒక మనిషి రాత్రిపూట తనలో తాను, ఉండాలా అని అడుగుకునే హక్కు ఆ బహువచనంలో లేదు. దీన్ని అందరికంటే ముందు పసిగట్టింది అరబ్ నాటకకర్తలే. సిరియా రచయిత మమ్దూహ్ అద్‌వాన్ 1976లో రాసిన నాటకం పేరు ‘హామ్లెట్ ఆలస్యంగా లేచాడు’. ఇరాక్ దర్శకుడు జవాద్ అల్-అసదీ నాటకం పేరు ‘హామ్లెట్‌ని మర్చిపోండి’. నినాదం ఇచ్చే వీరుడిగా హామ్లెట్‌ని మోసి మోసి అలిసిపోయిన తరం పెట్టిన పేర్లవి. కువైట్‌కి చెందిన సులేమాన్ అల్-బస్సామ్ 2002లో ‘ది అల్-హామ్లెట్ సమ్మిట్’ని ఇంగ్లీషులోనే రాసి, ఆ తర్వాత అరబిక్ చేసుకున్నాడు. నినాదం వినపడని భాషలో మొదలుపెట్టాలనుకున్నాడేమోనని నా ఊహ, అంతే.

ఇదంతా ఎక్కడో పరాయి గొడవలా అనిపిస్తే మన ‘అస్తిత్వం’ అన్న మాటని ఒకసారి చూడండి. అస్తి, అంటే ఉంది. దాని తనం అస్తిత్వం. ఎగ్జిస్టెన్షియలిజాన్ని అస్తిత్వవాదం అన్నప్పుడు అది ఒంటరి మనిషి ఉనికి. 1990ల తర్వాత అదే మాట ఐడెంటిటీ అయింది. నీలిమేఘాలు 1993లో వచ్చింది, చిక్కనవుతున్న పాట 1995లో, జల్‌జలా 1998లో. స్త్రీవాద, దళిత, ముస్లిం, తెలంగాణ సాహిత్యాలన్నిటినీ కలిపి అస్తిత్వ సాహిత్యం అన్నాం. హువియ్య ఏ దారిలో నడిచిందో అస్తిత్వం కూడా సరిగ్గా అదే దారిలో నడిచింది, ఎవరూ ఎవర్నీ చూసి నేర్చుకోకుండానే. ఒక తేడా ఉంది. అరబిక్‌లో ఉనికికి వుజూద్, గుర్తింపుకి హువియ్య అని రెండు మాటలు విడివిడిగా మిగిలాయి. వాళ్ల అస్తిత్వవాదం ‘వుజూదియ్య’, దానికి హువియ్యతో పేచీ లేదు. మనం రెండిటినీ ఒకే మాటలో కుక్కాం. అందుకే ఒక దళిత కవి తన ఊళ్లో సాయంత్రం పూట ఊరికే దిగులుపడి పద్యం రాస్తే, అందులో అస్తిత్వం ఎక్కడ అని అడిగే విమర్శకుడు తయారవుతాడు. ఏ అస్తిత్వం అని ఆ కవి తిరిగి అడగొచ్చు, అడగాలి కూడా.

ఈ వ్యాసం కోసం ‘నకూన్’ని తెలుగు చేద్దామని కూర్చుంటే ఇంకో చిక్కు తగిలింది. అరబిక్ ‘న’లో మనమూ ఉంది, మేమూ ఉంది. ఇంగ్లీషు ‘వీ’లోనూ అంతే. తెలుగు అలా ఒప్పుకోదు, వింటున్నవాణ్ణి లోపలికి పిలుస్తున్నావా, బయట నిలబెడుతున్నావా చెప్పమంటుంది. ‘మనం ఉంటామా’ అంటే సభలో ఉన్నవాళ్లంతా ఒక్కటి. ‘మేం ఉంటామా’ అంటే ఎదురుగా ఒక అధికారి, బల్ల మీద ఒక కార్డు. ఒకే నినాదాన్ని ఈ రెండు చోట్లా వాడినవాళ్లున్నారు కాబట్టి ఒకటి ఎంచుకోవడం నా వల్ల కాలేదు. అదృష్టవశాత్తూ మన క్రియ చివరి ‘ఆం’ రెండిటికీ ఒకటే. అందుకని సర్వనామం కొట్టేసి, పైన ‘ఉంటామా, ఉండమా’ అని ఊరుకున్నాను.